కోతలూ కొలతలూ: గోల్ఫ్ డ్రైవ్ దూరాల చరిత్ర

1836లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ మైదానంలో శామ్యూల్ మెస్యూ అనే పంతులు కొట్టిన బంతి 361 గజాలు పోయి ఆగింది. ఆ సంఖ్య దాదాపు 190 ఏళ్లుగా గోల్ఫ్ పుస్తకాల్లో చెక్కుచెదరకుండా ఉంది. ఆనాటి బంతిని ఫెదరీ అనేవారు. తోలు తిత్తిలోకి ఉడికించిన ఈకలు కూరి, కుట్టి, ఆరబెట్టి తయారుచేసేవారు. తడిస్తే బరువెక్కేది, కుట్టు దగ్గర పిగిలిపోయేది. దానితో 150 నుంచి 175 గజాలు కొట్టినవాడు మంచి ఆటగాడి కిందే లెక్క. మరి 361 ఎలా వచ్చింది? ఆ రోజు నేల మంచుకు కాస్త గట్టిపడి ఉంది, గాలి వెనక నుంచి వీస్తోంది. కిందపడ్డ బంతి దొర్లుకుంటూ పోయింది. అన్నట్టు మెస్యూ ఫ్రెంచి పాఠాలు చెప్పిన బడి పేరు మద్రాస్ కాలేజ్. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేస్తూ, మన వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుకోవడం చూసి, పెద్ద పిల్లలచేత చిన్నపిల్లలకు చదువు చెప్పించే పద్ధతిని తయారుచేసిన ఆండ్రూ బెల్ ఇచ్చిన డబ్బుతో ఆయన సొంత ఊళ్లో వెలిసిన బడి అది. ఆ పంతులు మిగతా రోజుల్లో ఎంత దూరం కొట్టేవాడో చెప్పే సంఖ్య మాత్రం అలా ఊరూరా తిరగలేదు.

డ్రైవ్ అంటే ప్రతి హోల్ మొదట్లో, ఆట మొదలుపెట్టే దిమ్మె అయిన టీ మీంచి కొట్టే పొడవైన దెబ్బ. దాని చరిత్ర అంతా ఇలా అరుదైన దెబ్బల చరిత్రగానే రాశారు. సరదాగా ఆడే గోల్ఫర్ తన డ్రైవ్ ఎంత పోతుందని చెప్పుకుంటాడో, నిజంగా ఎంత పోతుందో ఆ రెంటికీ మధ్య పాతిక ముప్ఫై గజాల తేడా ఉంటుందని ఈ ఆట తెలిసినవాళ్లందరూ ఒప్పుకుంటారు. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏలో పాతికేళ్లకు పైగా సాంకేతిక విభాగాన్ని నడిపిన ఫ్రాంక్ థామస్ ఆ తేడాను ఇంకాస్త ఎక్కువే చెప్పాడు: సగటు గోల్ఫర్ 230 గజాలు అనుకుంటాడు, వాస్తవం 192. దీన్ని మగవాళ్ల కోతల కింద కొట్టిపారేయడం తేలిక. కానీ కోతలు ఒక్కటే కారణమైతే ప్రతివాడూ తనకు తోచిన సంఖ్య చెప్పాలి. అందరూ ఇంచుమించు ఒకే మోతాదులో, ఒకే వైపు పొరబడుతున్నారంటే ఆ పొరపాటు మనిషిలో కన్నా కొలతలోనే ఎక్కువ ఉందనుకోవాలి. గొప్ప దెబ్బ పడ్డప్పుడే టేపు తీసే అలవాటు ఈ ఆటలో 160 ఏళ్లు నడిచింది. మామూలు దెబ్బను ఎవరూ కొలవలేదు. నేటి గోల్ఫర్ తలలో ఉన్న సంఖ్య ఆ అలవాటు మిగిల్చిన ఆస్తే.

మెస్యూ తర్వాతి పెద్ద ఉదాహరణ ఫ్రెడీ టెయిట్. అప్పటికి ఫెదరీ పోయి, మలయా ప్రాంతపు చెట్ల పాలతో చేసే గట్టాపెర్చా బంతి వచ్చి నలభై ఏళ్లు దాటింది. (విష్ణుమూర్తి విగ్రహం పగలకుండా చుట్టూ కూరి పంపిన గట్టాపెర్చాతోనే తొలి బంతి చేశారని ఒక కథ ఉంది. ఈ ఆటకు కథల కరువు ఏనాడూ లేదు.) 1893 జనవరిలో సెయింట్ ఆండ్రూస్‌లోనే ఫ్రెడీ కొట్టిన బంతి గాల్లో దాదాపు 250 గజాలు ప్రయాణించి, దొర్లుడుతో కలిపి 341 గజాలకు చేరింది. ఆ రోజూ నేల గడ్డకట్టే ఉంది. అతని తండ్రి పీటర్ గథ్రీ టెయిట్ ఎడిన్‌బరోలో పేరున్న భౌతికశాస్త్రవేత్త. బంతి ఇంతకు మించి పోలేదని తండ్రి లెక్కగట్టి చూపిస్తే కొడుకు మర్నాడే ఆ లెక్కను తిరగరాశాడని గోల్ఫ్ లోకం చెప్పుకుని నవ్వుకుంటుంది. అందులో నిజం కన్నా సరదా ఎక్కువ. ఆయన నిజంగా తేల్చిన విషయం వేరు: దెబ్బ తగిలినప్పుడు బంతి వెనక్కి తిరుగుతూ పోతుందనీ, ఆ తిరుగుడే దాన్ని గాల్లో నిలబెడుతుందనీ. ఆధునిక బంతుల తయారీకి పునాది లాంటి ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, 341 తెలిసినవాళ్లు ఎక్కువ. ఫ్రెడీ కూడా అమెచ్యూరే, డబ్బు కోసం ఆడినవాడు కాదు. కానీ 1896, 1898ల్లో బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. ‘అమెచ్యూర్’ అనే చీటీ కింద అతన్నీ, ఆదివారం పూట ఆడే గుమాస్తానీ కలిపి కట్టేయడం వల్ల కూడా ఈ లెక్కలో కొంత గందరగోళం పుట్టింది. ఇక 1974లో లాస్ వేగస్‌లో 64 ఏళ్ల మైక్ ఆస్టిన్ అనే ప్రొఫెషనల్ 515 గజాలు కొట్టి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు. ఈసారి మంచు లేదు, వెనక నుంచి బలమైన గాలి ఉంది. క్రికెట్‌లో టీవీవాళ్లు నూరు మీటర్ల సిక్సర్ దూరాన్ని తెరమీద వేస్తారు తప్ప, బౌండరీ దగ్గర క్యాచ్ అయిపోయిన పది బంతుల సగటు వేయరు కదా, ఇదీ అంతే.

అయితే ఆనాటి మామూలు దూరం తెలుసుకోవడానికి ఆధారాలు బొత్తిగా లేవని కాదు. అవి రికార్డుల్లో లేవు, నిబంధనల్లో ఉన్నాయి. 1911లో యూఎస్‌జీఏ ‘పార్’కు దూరాలు నిర్ణయించింది. తప్పు చేయకుండా ఆడే నిపుణుడు ఏ హోల్‌ను ఎన్ని దెబ్బల్లో ముగించాలో చెప్పేదే పార్. 225 గజాల వరకు పార్ మూడు, 425 వరకు పార్ నాలుగు. గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బంతిని దొర్లించే రెండు పట్లు పోగా మిగిలేది టీ నుంచి గ్రీన్ దాకా కొట్టే దెబ్బలు. అంటే ఆనాటి నిపుణుడు ఒక దెబ్బకు 225, రెండు దెబ్బలకు 425 గజాలు పోగలడని సంఘం అంచనా. అదీ హాస్కెల్ బంతి వచ్చాక. ఒహాయోలోని ఆక్రన్‌లో కోబర్న్ హాస్కెల్ అనే ఆయన రబ్బరు దారం చుట్టి చేసిన ఈ బంతి, గట్టాపెర్చా బంతి కన్నా ఇరవై గజాల దాకా ఎక్కువ పోయేదని పేరు తెచ్చుకుంది. వాల్టర్ ట్రావిస్ 1901 యూఎస్ అమెచ్యూర్‌నీ, శాండీ హెర్డ్ 1902 బ్రిటిష్ ఓపెన్‌నీ దానితోనే గెలిచారు. 1956లో సంఘం ఆ హద్దుల్ని 250కీ 470కీ పెంచింది. నిపుణుల దూరమే ఇంత మెల్లగా పెరిగితే మామూలు వాళ్ల దూరం అంతకన్నా వేగంగా పెరిగిందని నమ్మడానికి ఆస్కారం లేదు.

ఆడవాళ్ల విషయంలో ఆధారం మరీ విచిత్రం. 1890లో హొరేస్ హచిన్సన్ సంపాదకత్వంలో వచ్చిన బాడ్మింటన్ లైబ్రరీ గోల్ఫ్ గ్రంథంలో లార్డ్ వెల్‌వుడ్ స్త్రీల డ్రైవ్‌కు 70, 80 గజాల హద్దు చాలన్నాడు. వాళ్లకు అంతకు మించి కొట్టే శక్తి లేదని కాదట. కొట్టాలంటే కర్రను భుజం పైకి ఎత్తాల్సి వస్తుందట, అది ఆడవాళ్ల దుస్తులకూ మర్యాదకూ తగదట. సెయింట్ ఆండ్రూస్‌లో 1867లోనే మహిళల క్లబ్ పుట్టినా వాళ్లకు దక్కింది ఎత్తుపల్లాలున్న ఒక పుటింగ్ మైదానం. దాన్ని ఇవాళ్టికీ హిమాలయాస్ అంటారు. వాళ్లు పొడవైన దెబ్బ కొట్టే చోటే లేకుండా చేసి, వాళ్లు కొట్టలేరని అనుకోవడం ఎంతో కాలం సాగింది.

దూరాన్ని క్రమపద్ధతిలో కొలవడం ప్రొఫెషనల్స్‌తో మొదలైంది. అమెరికా పీజీఏ టూర్ 1980 నుంచి ప్రతి రౌండ్‌లోనూ రెండు హోల్స్‌ను, గాలి ప్రభావం పోయేలా ఎదురెదురు దిశల్లో ఉన్నవాటిని ఎంచుకుని, అందరి దెబ్బల్నీ కొలుస్తోంది. ఏ కర్రతో కొట్టారు, బంతి ఫెయిర్‌వే మీద ఆగిందా పొదల్లో పడిందా అని చూడదు, ఎక్కడ ఆగితే అదే దూరం. 1980లో సగటు 257 గజాలు, 2023లో ఇంచుమించు 300. మామూలు మనుషుల వంతు 1996లో వచ్చింది. సెయింట్ ఆండ్రూస్‌లోనే కార్యాలయం ఉన్న, ఆట నిబంధనలు చూసే ఆర్ అండ్ ఏ, బ్రిటన్‌లోని కొన్ని క్లబ్బుల్లో రోజువారీ సభ్యులు కొట్టే డ్రైవ్‌లను కొలవడం మొదలుపెట్టింది. ఆ ఏడు మగవాళ్ల సగటు 200 గజాలు. 2019లో 216. మహిళల సగటు 2019లో సుమారు 148. హ్యాండిక్యాప్ (పార్ కన్నా ఇంచుమించు ఎన్ని దెబ్బలు ఎక్కువ పడతాయో చెప్పే అంకె) ఆరు లోపున్న మేటి సభ్యులు 240 గజాల దరిదాపుల్లో, 21 దాటినవాళ్లు 180 లోపు. పెరిగిన 16 గజాల్లో ఎక్కువ భాగం మొదటి పదేళ్లలోనే వచ్చింది. అది డ్రైవ్ కొట్టే కర్రలు, అంటే టైటానియం డ్రైవర్లు, పెద్దవైన కాలం, కొత్త రకం గట్టి బంతులు బజారుకొచ్చిన కాలం. ఆ తర్వాత సగటు కొన్నాళ్లు కాస్త తగ్గి, మళ్లీ పాత చోటికే వచ్చింది. 1911లో నిపుణుడి రెండు దెబ్బలకు వేసిన 425 గజాల్ని సగం చేస్తే 212. వందేళ్ల లోహశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసి నేటి సగటు ఆటగాణ్ని ఇంచుమించు ఆనాటి నిపుణుడి పక్కన నిలబెట్టాయి. తక్కువ సంగతేమీ కాదు, కానీ ప్రకటనలు చెప్పినంతా కాదు.

ఈ సంఖ్యల మీద అభ్యంతరాలున్నాయి, కొన్ని బలమైనవే. బ్రిటన్ నేల తడి, గాలి చల్లన, క్లబ్ సభ్యుల్లో వయసు మళ్లినవాళ్లు ఎక్కువ. ఎండిన నేల మీద ముప్ఫై ఏళ్లవాళ్లు ఆడితే ఇంకా ఎక్కువ రాదా అని అడగవచ్చు. వస్తుంది. కర్రకు సెన్సార్ తగిలించి ప్రతి దెబ్బనూ నమోదు చేసే ఆర్కోస్ లాంటి పరికరాలు వాడేవారి లెక్కల్లో మగవాళ్ల డ్రైవర్ సగటు సుమారు 225 గజాలు. అయితే డబ్బు పెట్టి సెన్సార్లు కొని, ఆటను అంత శ్రద్ధగా పట్టించుకునేవాడు సగటు మనిషి కన్నా ఒక మెట్టు పైనే ఉంటాడు. అయినా సంఖ్య పెరిగింది పది గజాలే. రాడార్‌తో బంతిని వెంబడించే ట్రాక్‌మన్ కంపెనీ మరో దారిలో వెళ్లింది. హ్యాండిక్యాప్ 14, 15 ఉన్న సగటు మగ అమెచ్యూర్ కర్ర వేగం గంటకు 93 మైళ్లనీ, బంతి దొర్లుడుతో కలిపి 214 గజాలు పోతుందనీ తేల్చింది. మూడు వేర్వేరు పద్ధతులు, మూడు వేర్వేరు జనం, అయినా అన్నీ 214కీ 225కీ మధ్యే పడ్డాయి. తడి నేల వాదన ఆ పది గజాల్ని వివరిస్తుంది. ఫ్రాంక్ థామస్ చెప్పిన దాదాపు నలభై గజాల తేడాను వివరించలేదు.

రెండో అభ్యంతరం ఇంకా సూక్ష్మమైంది. సగటులో చెట్లకు తగిలిన బంతులు, నేల మీద పాకిన బంతులు కూడా కలిసిపోయాయి. నా డ్రైవ్ ఎంత అంటే సరిగ్గా తగిలినప్పుడు ఎంత అని అర్థం, కిందపడ్డ రోజును బట్టి మనిషి నడకను అంచనా కడతారా అంటాడు గోల్ఫర్. వినడానికి సబబుగానే ఉంది. కానీ స్కోరుకార్డుకు ఈ తేడా తెలియదు. పాకిన బంతి దగ్గరికే వెళ్లి రెండో దెబ్బ కొట్టాలి. పైగా ప్రొఫెషనల్స్ సగటు కూడా అలాగే లెక్కగడుతున్నారు, పొదల్లో పడ్డదీ అందులో ఉంది. వాళ్ల సగటు పక్కన తన ఉత్తమమైన దెబ్బను నిలబెట్టి పోల్చుకున్నవాడు పోలికే తప్పు చేస్తున్నాడు. సరిగ్గా తగిలిన దెబ్బ ఎంత పోతుందో తెలుసుకోవడం కర్ర ఎంచుకోవడానికి పనికొస్తుంది, అది వేరే ప్రశ్న.

అసలు ఈ 200 గజాల సంగతి ఆటను నడిపేవాళ్లకు కొత్త కాదు. కోర్సు ఎంత కష్టమో లెక్కగట్టడానికి 1980ల్లో యూఎస్‌జీఏ విస్తరించిన కోర్స్ రేటింగ్ పద్ధతిలో, ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న హ్యాండిక్యాప్ విధానంలోనూ, రెండు నమూనా మనుషులున్నారు. ఒకడు స్క్రాచ్ గోల్ఫర్: డ్రైవ్ 250 గజాలు, రెండు దెబ్బల్లో 470 పోతాడు. రెండోవాడు బోగీ గోల్ఫర్, హ్యాండిక్యాప్ ఇరవై చుట్టుపక్కల: డ్రైవ్ 200, రెండు దెబ్బల్లో 370. మహిళల్లో ఆ డ్రైవ్‌లు 210, 150. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన ఆడినా, టెక్సాస్‌లో ఆడినా గోల్ఫర్ చేతికి వచ్చే హ్యాండిక్యాప్ అంకె వెనక ఈ ఊహలే ఉన్నాయి. అంటే 250 కొడతానని చెప్పే హ్యాండిక్యాప్ 20 ఆటగాడు, తన హ్యాండిక్యాప్‌ను తయారుచేసిన పద్ధతినే కాదంటున్నాడన్నమాట. అతను దాని రూల్ పుస్తకం తెరిచి చూసి ఉండడు, అంతే.

మరి 250 ఎక్కడి నుంచి వచ్చింది? దూరం కొలిచే లేజర్ యంత్రాలను, జీపీఎస్‌ను ఆటలో వాడుకోవచ్చని స్థానిక నిబంధనగా అనుమతించింది 2006లోనే. అంతకు ముందు దూరం తెలియాలంటే స్కోరుకార్డు చూడాలి, గ్రీన్‌కు ఇంకా 150 గజాలని చెప్పే గుర్తు చూడాలి, మిగతాది తీసివేత. 400 గజాల హోల్‌లో బంతి 150 గుర్తు దగ్గర ఆగితే డ్రైవ్ 250. కానీ కార్డు మీది 400 టీ మీది శాశ్వత కొలత గుర్తు నుంచి వేసిన లెక్క. ఆ రోజు టీ గుర్తులు పాతిక గజాలు ముందుకు జరిపి ఉండొచ్చు. హోల్ వంపు తిరిగి ఉంటే గజాల్ని మలుపు వెంట కొలుస్తారు, బంతి మాత్రం మూలకు అడ్డంగా ఎగిరి పోతుంది. పల్లానికి కొట్టిన దెబ్బ, గాలివాటు దెబ్బ ఇవన్నీ లాభం ఖాతాలోనే పడతాయి. ఎదురుగాలి దెబ్బ మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు, గాలి మీదికి పోతుంది. మనిషి అబద్ధం చెప్పకుండానే, ఒక్కో తీసివేతనూ నిజాయితీగా చేస్తూనే, పాతిక గజాలు పోగేసుకోగలడు. గట్టిపడ్డ నేల మీద, వెనక గాలిలో కొలవడం సెయింట్ ఆండ్రూస్ పెద్దలు మొదలుపెట్టిన పద్ధతే కదా.

లేజర్ వచ్చాక భ్రమ పోవాల్సింది. కొంత పోయింది, కొంత టీవీ పెంచింది. ప్రొఫెషనల్ కర్ర వేగం గంటకు 113 మైళ్ల పైమాట. అమెచ్యూర్‌కీ అతనికీ మధ్య ఉన్న ఇరవై మైళ్ల తేడాను ఏ కర్రా పూడ్చలేదు. మైలు వేగానికి ఇంచుమించు రెండున్నర గజాలు చొప్పున, అది యాభై గజాలు. 1991లో బిగ్ బెర్తా డ్రైవర్ వచ్చినా, 2000 చివర్లో ప్రో వీ1 బంతి వచ్చినా ఎక్కువ లాభపడింది వేగంగా, కర్ర తల నడిమధ్య తగిలేలా కొట్టగలిగినవాళ్లే. పెద్ద తల డ్రైవర్ మామూలు ఆటగాడికి చేసిన మేలు దూరంలో కన్నా, అంచుకు తగిలిన దెబ్బను కాస్త దారిలో ఉంచడంలో ఎక్కువ కనిపిస్తుంది. 1980 తర్వాత ప్రొఫెషనల్ సగటు నలభై గజాలకు పైగా పెరిగితే, అమెచ్యూర్లలో కొలిచిన 23 ఏళ్లలో పెరిగింది పదహారు. ఇద్దరూ అదే దుకాణంలో కొన్న సరుకు వాడుతున్నారు.

ఇదంతా పైకి హానిలేని గొప్పలా కనిపిస్తుంది గానీ, దీనికి బిల్లు కట్టేది కోర్సులు. 2001లో 6,985 గజాలున్న ఆగస్టా నేషనల్ 2024కి 7,555 అయింది. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు 2022 ఓపెన్‌కు 7,313. అవి ఛాంపియన్‌షిప్ కోర్సులు, వాటికి ఆ అవసరం ఉంది. ఊళ్లో కోర్సులు కూడా ఆ దారి పట్టడం, దానికి తగ్గట్టు భూమి, నీళ్లు, ఎరువులు ఖర్చు చేయడం మాత్రం లేని దూరం కోసం కట్టిన ఇల్లు. 2011లో పీజీఏ ఆఫ్ అమెరికా, యూఎస్‌జీఏ కలిసి ‘టీ ఇట్ ఫార్వర్డ్’ పేరుతో, ఎవరి డ్రైవ్‌కు తగ్గ కోర్సు వాళ్లు ఆడుకోవాలని ఒక పట్టిక విడుదల చేశాయి. 200 గజాలు కొట్టేవాడికి 5,200 నుంచి 5,400 గజాల కోర్సు, 225కి 5,800 నుంచి 6,000. ఆ పట్టిక చదివిన మగవాళ్లలో చాలామందికి ముందు టీ నుంచి ఆడడం నామోషీ అనిపించింది. ఎవరి సరదా వాళ్లదనీ, కష్టమైన హోల్‌లో ఓడిపోవడంలోనూ ఆనందం ఉందనీ వాళ్ల వాదన. ఆ ఆనందాన్ని కాదనలేం. అయితే ఐదు గంటలు సాగే రౌండ్‌లో వెనక నిలబడి ఎదురుచూసేవాళ్లు కూడా అందులో వాటాదార్లే.

2023 డిసెంబర్‌లో ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ బంతి దూరాన్ని తగ్గించే కొత్త పరీక్షను ప్రకటించాయి. మామూలు ఆటగాళ్లకు అది 2030 నుంచి అన్నాయి. దాదాపు అందరికన్నా గట్టిగా అరిచింది అమెచ్యూర్ల తరఫున మాట్లాడినవాళ్లే: దూరం లేక బాధపడేవాడి దగ్గర ఇంకా లాక్కుంటారా అని. న్యాయమైన ప్రశ్నే. పోయే దూరం మాత్రం చాలా తక్కువ. సరదాగా ఆడేవాళ్లకు ఐదు గజాలు, అంతకన్నా తక్కువ కూడా కావచ్చని ఆ సంస్థలే లెక్క చెప్పాయి. అందరికన్నా వేగంగా కొట్టేవాళ్లకు 13 నుంచి 15. తన డ్రైవ్‌ను పాతిక గజాలు ఎక్కువ అనుకుంటున్నవాడికి ఆ ఐదు గజాలు కనిపిస్తాయా అన్నది అనుమానమే.

ఈ లెక్కల్లో నిజంగా నష్టపోయినవాళ్లు వేరే ఉన్నారు. 148 గజాల సగటు డ్రైవ్ ఉన్న మహిళకు ‘టీ ఇట్ ఫార్వర్డ్’ పట్టిక ప్రకారం 3,500 నుంచి 3,700 గజాల కోర్సు సరిపోతుంది. చాలా కోర్సుల్లో ఆమెకు దొరికే అన్నిటికన్నా ముందు టీ 5,000 గజాలకు అటూ ఇటూ. మగవాళ్లు రెండు దెబ్బల్లో చేరే గ్రీన్‌కు ఆమె మూడు, ఒక్కోసారి నాలుగు కొట్టాలి, అవన్నీ పొడవైన కర్రలతోనే. డెబ్బై దాటిన మగవాళ్ల గతీ దాదాపు ఇదే. తన డ్రైవ్ 250 అనుకునే కమిటీ సభ్యుడు కోర్సు గీయిస్తే ఆమె 148 అతని ఊహకు అందదు. ఈ మధ్య అమెరికాలో కొన్ని కోర్సులు 4,000 గజాల చుట్టుపక్కల కొత్త టీలు వేస్తున్నాయి. దానికి కొత్త దిమ్మె కట్టనక్కర్లేదు, ఫెయిర్‌వేలోనే చదునైన చోట గడ్డి కురచగా కత్తిరించి రెండు గుర్తులు పాతితే సరిపోతుంది.